సంతకాలకేనా తల్లిదండ్రులు?

2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులు ఒకే రోజు తల్లిదండ్రులను పిలిచాయి. బాపట్ల బడిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు వాళ్లతో మాట్లాడారు. మంచి ఆరంభం.

అయితే ఎప్పుడో ఒక సభ చాలదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది మహిళలు. బడి అభివృద్ధి ప్రణాళిక, నిధుల ఖర్చుపై పర్యవేక్షణ వాళ్ల పనే. ఇంత హక్కున్న అమ్మతో తీర్మానాల మీద సంతకం పెట్టించుకుని పంపేయడం అన్యాయం.

పగటిపూట సమావేశమంటే కూలికెళ్లే తల్లికి ఆ రోజు కూలి పోయినట్టే. సాయంత్రం పెట్టాలి. మార్కుల జాబితా చేతికివ్వడం కాదు, పిల్ల ఏ లెక్క దగ్గర ఆగిపోతోందో టీచరు వాడుక మాటల్లో చెప్పాలి. ఇంట్లో చదువుకునే వీలుందో లేదో అడిగి తెలుసుకోవాలి.