నోట్లో నీళ్లు పోసే ముందు

మనిషి ఉన్నట్టుండి పడిపోతే మన ఇళ్లలో మొదట జరిగే పని ఏమిటి? ఒకరు ముఖం మీద నీళ్లు చల్లుతారు, ఇంకొకరు గ్లాసు తెచ్చి నోట్లో పోస్తారు. ప్రేమతోనే చేస్తారు. కాని పడిపోయింది పక్షవాతం వల్ల అయితే, ఆ గుక్కెడు నీళ్లే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెచ్చిపెట్టవచ్చు.

ఇంట్లో వారికి ఈ సంగతి తెలియకపోతే తప్పు పట్టలేము. నర్సింగ్ చదివిన వారికి కూడా ఇది చేతికి అలవాటు కాకపోవడమే నా బాధ. నర్సింగ్ విద్యార్థినులకు పాఠం చెప్పేదాన్ని గనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇందులో ఎవరినైనా నిందించవలసి వస్తే ముందు నన్నే నిందించాలి.

నేను చదువుకునే రోజుల్లో పక్షవాతం గురించి పేజీలకు పేజీలు రాశాము. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే ఒక రకం, నాళం చిట్లితే ఇంకొక రకం, బి.పి., షుగరు, పొగాకు కారణాలు. మార్కులు బాగానే వచ్చాయి. తరువాత మొదటి ఉద్యోగంలో, ఒక రాత్రి డ్యూటీలో, పక్షవాతంతో చేరిన ఒక పెద్దాయన కోడలు వచ్చి, "సిస్టర్ గారూ, మామయ్య గారు నిన్నటి నుంచి ఏమీ తినలేదండీ. కాసిని పాలైనా పట్టమంటారా?" అని అడిగింది. "పట్టమ్మా, మెల్లగా పట్టు" అన్నాను. ఆయన దగ్గలేదు, పొలమారలేదు. రెండు రోజుల తరువాత జ్వరం, ఆయాసం. అది ఆ పాల వల్లేనని రూఢిగా చెప్పలేను. కాని ఆయన మింగగలరో లేదో చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు. మూడేళ్ల చదువులో ఆ పని నా చేత ఎవరూ ఒక్కసారైనా చేయించలేదు.

పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని మనం నవ్వుకుంటాము. నిజానికి పొలమారడం ఊపిరితిత్తులకు కాపలా. పక్షవాతంలో గొంతు కండరాలు పట్టు తప్పి, లోపల స్పర్శ తగ్గితే ఆ కాపలా పోతుంది. మింగినది దారి తప్పినా దగ్గు రాదు. "దగ్గలేదు కదా, బాగానే మింగాడు" అనుకోవడం అందుకే ప్రమాదం.

శిక్షణ పొందిన నర్సు దీన్ని మంచం పక్కనే పరీక్షించగలదు. రోగి మెలకువగా ఉన్నాడా చూసి, నిటారుగా కూర్చోబెట్టి, ముందు చెంచాడు నీళ్లు ఇచ్చి, దగ్గు వస్తోందా, గొంతు గరగరమంటోందా, నీళ్లు పెదవి పక్కనుంచి కారుతున్నాయా అని గమనిస్తుంది. అనుమానం ఉంటే నోటి ద్వారా మాత్ర కూడా ఇవ్వకుండా డాక్టరుకు చెబుతుంది. (దయచేసి ఇంట్లో మీరే ఈ పరీక్ష చేయకండి.) పెద్ద యంత్రం ఏదీ అక్కరలేదు.

ఇంత చిన్న పనికి ఫలితం ఉంటుందా అంటే, ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో శాండీ మిడిల్టన్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ నాయకత్వంలో 19 స్ట్రోక్ యూనిట్లలో చూశారు. జ్వరం, షుగరు, మింగడం, ఈ మూడింటిని కనిపెట్టి చూసుకోవడంలో నర్సులకు శిక్షణ ఇచ్చారు. 2011లో ఫలితాలు వచ్చాయి. 90 రోజులకు మరణించినవారు లేదా ఇతరుల మీద ఆధారపడినవారు శిక్షణ ఇచ్చిన యూనిట్లలో 42 శాతం, మిగతా చోట్ల 58 శాతం. కొత్త మందు ఏదీ వాడలేదు.

మన దేశంలో బి.ఎస్సీ. నర్సింగ్ సిలబస్‌ను 2021లో సవరించారు, బొమ్మల మీద అభ్యాసానికి చోటు పెరిగింది. సంతోషమే. కాని బొమ్మకు పొలమారదు. పక్షవాతం రోగి పక్కన నిలబడి మింగడం పరీక్షించి చూపనిదే ప్రాక్టికల్‌లో పాస్ చేయకూడదని నా అభిప్రాయం. ఇంకొకటి కూడా చేర్చాలి. రోగి భార్యకో కొడుక్కో నేర్పి, వారి చేత చేయించి చూపాలి. పడిపోయిన చేతిని పట్టుకుని లాగి లేపితే భుజం కీలు జారుతుందని, రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే పుండ్లు పడతాయని, మాట రానంత మాత్రాన తెలివి పోయినట్టు కాదని వారికి చెప్పేదెవరు? డిశ్చార్జి రోజున హడావిడిగా చెప్పిన మాట బస్సెక్కేలోగా మరచిపోతారు.

దీనికి అడ్డు చెప్పేవారున్నారు. మన దేశంలోనే 14 ఆసుపత్రులలో 1250 మంది రోగులతో, ఇంటివారికి వ్యాయామాలు నేర్పి పంపితే ఏమవుతుందో పరిశీలించారు. 2017లో వచ్చిన ఫలితం నిరాశ కలిగించింది. ఆరు నెలలకు మరణించినవారు, ఆధారపడినవారు రెండు గుంపుల్లోనూ 47 శాతమే. దీన్ని దాచిపెట్టి వాదించడం నాకిష్టం లేదు. ఇంటివారు ఫిజియోథెరపిస్టుకు బదులు కాలేరని దీని వల్ల నాకు అర్థమైంది. అందుకని ఏమీ నేర్పకుండా పంపుదామా? నేర్పినా నేర్పకపోయినా రేపు అన్నం పెట్టేది, పక్క మార్చేది వారే కదా.

పరామర్శకు వచ్చేవారికి ఒక మనవి. కొబ్బరినీళ్లు, ద్రాక్షపండ్లు తెస్తారు, తీసుకురండి. కాని రోగి నోట్లో పెట్టే ముందు సిస్టర్‌ను అడగండి. ఎవరికైనా మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పావురం రక్తం రాయిస్తూ కూర్చోకుండా వెంటనే స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా నాలుగున్నర గంటలే గడువు, అదీ స్కాన్ చూశాకే ఇస్తారు.

మీవారిని పక్షవాతంతో ఏ ఆసుపత్రిలో చేర్చినా, "మింగడం చూశారా సిస్టర్ గారూ?" అని అడగండి. మా విద్యార్థినులైతే నొచ్చుకోరు. ఎవరైనా నొచ్చుకుంటే నాతో చెప్పండి.