ఎవరూ ఏమీ అనలేదు!

"వాళ్ళ పద్ధతులు వేరు, మన పద్ధతులు వేరు" అనే మాట వింటే ఈమధ్య నాకు ఒళ్ళు మండుతోంది.

టోక్యో డిస్నీలాండ్ చూడ్డానికి వెళ్ళాం. ఓ రైడ్ దగ్గర మా తోటికోడలు ఒక్కతే క్యూలో నుంచుంది. మేం ఏడుగురం పాప్‌కార్న్ కొనుక్కుని నింపాదిగా వచ్చి, అందర్నీ దాటుకుంటూ ఆవిడ పక్కన చేరాం. వెనకున్న ఓ పెద్దావిడ మనవడి చెయ్యి పట్టుకుని పక్కకి జరిగింది. "చూశావా, ఎవరూ ఏమీ అనలేదు" అన్నారు మావారు. నిజమే, అనలేదు. ఆ పిల్లాడు మాత్రం మమ్మల్ని వేలెత్తి ఒక్కొక్కళ్ళనీ లెక్కపెట్టాడు.

తేడాలు ఉండవని కాదు. 1992లో పారిస్ దగ్గర డిస్నీ పార్కు తెరిచినప్పుడు లోపల వైన్ అమ్మలేదు. భోజనంతో వైన్ తాగే అలవాటు ఫ్రెంచివాళ్ళది. 1993లో కంపెనీయే దిగొచ్చి అమ్మింది. అదీ సంస్కృతిలో తేడా అంటే. పక్కవాళ్ళ వంతు లాక్కోవడం ఏ సంస్కృతండీ?

మనది మాత్రం కాదు. పెళ్ళిళ్ళలో మా అమ్మ "తొందరేముంది, రెండో బంతికి కూర్చుందాం" అనేది. తిరుమలలో కంపార్ట్‌మెంట్లలో గంటలకొద్దీ కూర్చుంటాం. అక్కడ దేవుడు చూస్తున్నాడని భయం. పరాయి దేశంలో మనల్నెవరు గుర్తుపడతార్లే అని ధీమా!

ఆ సాయంత్రం పరేడ్‌కి ముందు వరుసలవాళ్ళంతా కిందే కూర్చున్నారు, వెనకవాళ్ళకి కనబడాలని. వాళ్ళని చూసి మా పిల్లలూ కూర్చున్నారు. ఎవరూ ఏమీ అనకుండానే.

ఈసారి వెళ్తే ఎనిమిదిమందిమీ చివర్నించే నుంచుంటాం. మావారు అలిగితే అలగనీండి.