పసుపునకు ప్రమాణము

పసుపు లేనిదే మన భోగాపుర ప్రాంతమున శుభకార్యము జరుగదు. గడపకు పసుపు, గాయమునకు పసుపు, జలుబునకు పసుపుపాలు. ఇట్టి వస్తువునకు ప్రమాణ మడుగుట కొందఱకు అపచారముగ తోచవచ్చును. అయినను అడుగక తప్పదు.

పసుపుతో గాయములు మాన్పు పద్ధతికి 1995లో అమెరికా ప్రభుత్వము మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు పేటెంటు నొసగెను. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి 32 లిఖితాధారములు చూపి వాదించి, 1997లో దానిని రద్దు చేయించెను. ఇది జాతికి గర్వకారణమే. కాని ఆ వ్యాజ్యమున తేలినదేమి? ఆ వాడుక క్రొత్తది కాదనుట మాత్రమే. పసుపు సర్వరోగనివారిణి యని ఆ తీర్పు పలుకలేదు. ప్రాచీనత యొక వాదము, గుణము వేఱొక వాదము. ఒకదాని డిక్రీ రెండవదానికి చెల్లదు.

ఇక గుణము మాట. దేహరక్షణము చేయు తెల్లకణములలో ఎన్.ఎఫ్. కప్పా-బి యను ప్రోటీను కలదు. అది కణకేంద్రమున ప్రవేశించినచో వాపును రేపు పదార్థములు పుట్టును. పసుపులోని కర్క్యుమిన్ ఆ ప్రవేశమును అడ్డగించునని గాజుపాత్రలలో పెంచిన కణములపై పరీక్షించి 1995లో పరిశోధకులు ప్రకటించిరి. ఆశాజనకమే. కాని గాజుపాత్ర వేఱు, మానవదేహము వేఱు. మ్రింగిన కర్క్యుమిన్‌లో చాలభాగము పేగులు దాటదు. దాటినది కాలేయమున త్వరలో రూపు మాఱును. మిరియములలోని పైపెరిన్ జోడించినచో అది మనుష్యుల రక్తమున 20 రెట్లు అధికముగ లభించునని 1998లో బెంగుళూరు పరిశోధకులు చూపిరి. కీళ్లనొప్పులకు కొంత ఉపశమనము కలదని చిన్న పరీక్షలు కొన్ని తెలుపుచున్నవి. ఐనను, 2017లో రసాయన శాస్త్రజ్ఞులు కొందఱు అనేక పరిశోధనలను తరచిచూచి, కర్క్యుమిన్ ఔషధమని నిలువదగు సాక్ష్యము లేదనిరి. గాఢముగ చేసిన గుళికలవలన కాలేయము చెడిన రోగులు ఇటలీలోను, అమెరికాలోను కనబడిరి.

కూరలోని చిటికెడు పసుపును మే మాక్షేపింపము. వైద్యుడిచ్చిన మందు మాని, ప్రకటనలు నమ్మి గుళికలు మ్రింగు గృహస్థుని గూర్చియే మా విచారము. పాడేరు మన్యమున కొండవాలున పసుపు పండించు గిరిజనునికి ఆ గుళికల లాభములో దక్కునదేమి? రంగుకై సీసపు విషము కలుపు కల్తీదారుని పట్టువారెవరు?

2025 జనవరిలో నిజామాబాదున జాతీయ పసుపు మండలి ప్రారంభమైనది. అది ఎగుమతులతో తృప్తిపడరాదు. రైతునకు నాణ్యతనుబట్టి ధర, విపణిలో కల్తీ పరీక్ష, మన వైద్యకళాశాలలలో రోగులపై నిష్పాక్షిక పరిశోధన: ఈ మూడింటికిని పూనుకొనవలెను. పరదేశి పేటెంటును పత్రములతో నోడించితిమి. స్వదేశి అతిశయోక్తిని పరీక్షలతో నోడించుటయు దేశసేవయే.