పట్టాలు పోయినా బాట పోరాదు

పల్లెలలో కాలిబాట తనంతట తానే పుడుతుంది. నలుగురు నడిచినచోట గడ్డి చచ్చి, నేల గట్టిపడి, దారి ఏర్పడుతుంది. రైలుబాట అట్లా పుట్టదు. ముందు కొలత జరగాలి. తరువాత భూమి సేకరించాలి. ఆ తరువాత కట్ట పోయాలి. వందలమంది రైతుల పొలాలనుండి ఒక్కొక్క చెక్క తీసి, గొలుసులో లంకెలవలె వరుసగా కూర్చితేగాని ఒక మార్గం సిద్ధించదు. కూర్చడానికి ఏళ్లు పట్టిన ఆ గొలుసు తెగడానికి ఒక్క లంకె ఊడితే చాలు. రైళ్లు నడవడం మానిన మార్గాలను ఏమి చేయాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు మొట్టమొదట తలచుకొనవలసిన విషయం ఇదే.

గుంటూరు చెంతనున్న నల్లపాడు ఈ విచారణకు తగిన చోటు. అక్కడ రైలుదారి రెండుగా చీలుతుంది. ఒకటి సత్తెనపల్లి, పిడుగురాళ్లల మీదుగా నడికుడివైపు పోతుంది. రెండవది పత్తిచేలను, మిరపతోటలను దాటి నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం, గిద్దలూరుల మీదుగా నల్లమలను చొచ్చి నంద్యాల చేరుతుంది. ఈ రెండవ దారికి కరువుతో సంబంధం ఉన్నది. 1832–33లో డొక్కలకరువు గుంటూరుసీమను తుడిచిపెట్టినప్పుడు, బయటినుండి ధాన్యం వేగంగా తెచ్చే సాధనం లేకపోయింది. 1876–78 నాటి ధాతకరువు దత్తమండలాలను పీల్చి పిప్పిచేసిన పిమ్మట, 1880లో కరువు విచారణసంఘం రైలుమార్గాల విస్తరణను గట్టిగా సిఫారసు చేసింది. ఆ దశకంలోనే సదరన్ మరాఠా రైల్వే సంస్థ బళ్లారినుండి కృష్ణాతీరానికి మీటరుగేజి మార్గాన్ని నిర్మించ పూనుకొన్నది. ఆకలిగొన్నవారికి అన్నం చేర్చడం ఆ మార్గం వెనుకనున్న ఉద్దేశాలలో ఒకటి.

నల్లపాడు దగ్గర ఆ పాతబాట చావలేదు, పెరిగింది. మీటరు వెడల్పుగల పట్టాల స్థానంలో 1990వ దశకంలో బ్రాడుగేజి పట్టాలు వచ్చాయి. ఇటీవలి సంవత్సరాలలో రెండవ జత పట్టాలు వేసే పని కూడా సాగుతూ వచ్చింది. మైదానంలో చాలావరకు పాతకట్టనే వెడల్పు చేసుకొన్నారు. కొండలలో మాత్రం కథ వేరు. గిద్దలూరుకు, నంద్యాలకు నడుమ, బొగద, చలమ స్టేషన్ల మధ్య దొరబావి అనే చోట లోయమీద ఒక పెద్ద వంతెన ఉండేది. గేజి మార్చినప్పుడు దానిని విడిచి, సుమారు ఒకటిన్నర కిలోమీటరు పొడవున సొరంగం తొలిచి కొత్తదారి వేశారు. వంతెనపై ఇనుమును విప్పి తీసుకొనిపోయారు. ఎత్తైన స్తంభాలు మాత్రం అడవిలో మిగిలిపోయాయి.

ఆ స్తంభాలను చూచి పురాతన వైభవాన్ని తలచుకొని నిట్టూర్చడం సులభం. నిట్టూర్పుతో బాట నిలువదు. ఇట్లా విడిచిపెట్టిన దారిని నడిచేవారికి, సైకిలుమీద పోయేవారికి శాశ్వతంగా అప్పగించడం ఇతరదేశాలలో అనుభవసిద్ధమైన పద్ధతి. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎల్రాయ్, స్పార్టా అనే ఊళ్ల నడుమ మూతపడిన రైలుమార్గాన్ని 1960వ దశకంలో ప్రభుత్వం కొని, మూడు సొరంగాలతో సహా సుమారు యాభై కిలోమీటర్ల బాటగా మార్చింది. ఇంగ్లండులో బ్రిస్టల్, బాత్ నగరాలను కలిపే పాత రైలుకట్ట 1979, 1986 సంవత్సరాల మధ్య క్రమక్రమంగా సైకిలుబాట అయినది. సింగపూరులో 2011లో మలయా రైలు ఆగిపోయిన తరువాత, నగరం నడిమిగా సాగే ఇరవైనాలుగు కిలోమీటర్ల ఆ మార్గాన్ని ముక్కలు చేసి అమ్ముకొనక పచ్చనిదారిగా నిలుపుకొన్నారు. గజం నేల బంగారమై కూర్చున్న ఆ చిన్నదేశం చేయగలిగిన త్యాగం తక్కినవారికి అసాధ్యం కారాదు.

అమెరికావారు 1983లో చేసిన చట్టసవరణలో మరొక వివేకం ఉన్నది. రైలుసంస్థ విడిచిన మార్గాన్ని బాటగా వాడుకొనవచ్చు. కాని రేపు రైలు మళ్లీ కావలసివస్తే ఆ హక్కు చెడదు. అనగా బాట ఆ భూమికి కాపలాదారు. ఈ దూరదృష్టి విలువ ఎంతటిదో కోనసీమ అంచున ఉన్నవారికి తెలుసు. 1928లో వేసిన కాకినాడ–కోటిపల్లి రైలుమార్గం పట్టాలను రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పెకలించివేశారు. ఆరు దశాబ్దాలు గడచిన మీదట, 2004లో, అక్కడ రైలు మళ్లీ కూసింది. ఈనాడు అక్కరలేదన్నది ఏనాటికీ అక్కరకు రాదని తీర్పు చెప్పే అధికారం ఏ తరానికీ లేదు.

ఇక ఈ నేలకు అటువంటి బాటవల్ల కలిగే ప్రయోజనమేమి? గుంటూరు, ప్రకాశం మండలాల నల్లరేగడిని ఎరిగినవానికి జవాబు చెప్పనక్కరలేదు. వాన కురిస్తే రేగడిలో అడుగు తీసి అడుగు వేయడం కష్టం. సైకిలుచక్రం మట్టి చుట్టుకొని తిరుగనే తిరుగదు. నేలకు ఎత్తుగా, కంకర పరచి, నీరు నిలువకుండా కట్టినది రైలుకట్ట ఒక్కటే. రైలుకు నిటారు ఎక్కుడు పనికిరాదు కాబట్టి దానిదారి ఎక్కడ చూచినా మెల్లని వాలుగానే ఉంటుంది. పసివాడు సైకిలు తొక్కడానికీ, ముసలివాడు కర్రపట్టుకొని నడవడానికీ అంతకంటె అనువైన దారిని ఏ ఇంజనీరూ కొత్తగా కల్పించలేడు. నడుస్తున్న రైలు పట్టాలవెంట నడవడం 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం నేరం, పైగా ప్రాణాపాయం. బ్రతికిన కట్టమీద కాలు పెట్టవద్దని పిల్లలను వారించే ప్రభుత్వం, రైళ్లు విడిచిన కట్టనైనా వారికి ఇవ్వడం న్యాయం.

దీనికి చెప్పే ఆక్షేపణలు తేలికైనవి కావు. భూమి మొదట రైతుది కదా, రైలు పోయిన తరువాత అతనికే చెందరాదా అంటారు. ఈ మాటలో ధర్మం లేకపోలేదు. అయితే సన్నని ఆ పట్టీ ముక్కలైతే ఏ ఒక్కరికీ పొలం కాదు. బలవంతుని కంచె కొంచెం ముందుకు జరుగుతుంది, అంతే. బాటగా ఉంటే అది పక్కరైతుకు కూడా దారి అవుతుంది. అతని బండి, ట్రాక్టరు అడ్డంగా దాటే హక్కును మొదటనే వ్రాసి ఇవ్వవచ్చు. కట్టప్రక్కన గుడిసె వేసుకొన్న పేదవానికి వేరొకచోట నీడ చూపకుండా బాటపేరుతో వెళ్లగొట్టడం మాత్రం ఎవరికీ తగదు.

ఈ ఎండలలో నడిచేదెవరు అన్నది రెండవ ప్రశ్న. మిట్టమధ్యాహ్నం ఎవరూ నడవరు. ఉదయం బడికి, సాయంకాలం ఇంటికి నడిచేవారికే ఆ బాట. కట్టకు ఇరువైపుల వేప, కానుగ నాటితే పదేళ్లలో ఎండ ప్రశ్నకు చెట్లే సమాధానం చెబుతాయి.

మూడవది అడవిమాట. నల్లమల పులులకు నెలవు; గుండ్లబ్రహ్మేశ్వరం అభయారణ్యం ఆ ప్రాంతానిదే. అక్కడ గుంపులుగా సైకిళ్లు దొర్లించి, తినుబండారాల కాగితాలు వెదజల్లడం బాటను కాపాడడం కాదు, అడవిని చెరచడం. మైదానానికి తగిన నియమం కొండకు తగదు. దొరబావి వంటిచోట పగటివేళ, అటవీశాఖ అనుమతితో, కొద్దిమంది చొప్పున, దారి ఎరిగిన చెంచు యువకుల వెంట నడిచే ఏర్పాటు చాలు. ఆ స్తంభాల పటుత్వాన్ని నిపుణులు పరీక్షించి, చుట్టూ కంచె వేసి, వాటి చరిత్ర తెలుగులో చెక్కిన ఒక శిల నిలపాలి. చెంచువానికి కూలి, విద్యార్థికి చదువు, అడవికి శాంతి మూడూ కలిసివచ్చే మార్గం అది.

ఇందుకు కావలసిన ధనం కంటె ముందు కావలసినది ఒక నిర్ణయం. ఏ మార్గంలో పట్టాలు తీసినా, ఏ వంపును సవరించి పాతకట్టను విడిచినా, ఆ భూమిని వేలం వేయకముందు అది బాటగా పనికివచ్చునా అని విచారించాలి. రైల్వేశాఖ, రాష్ట్రప్రభుత్వం, పంచాయతీ మూడూ కలిసి కూర్చుని తేల్చవలసిన సంగతి ఇది. యాజమాన్యం రైల్వేలదే కావచ్చు. పాలన పంచాయతీది, వాడుక ప్రజలది కావచ్చు.

ఉపాధ్యాయులు ఈ పనికి మొదటి అడుగు వేయగలరు. భూగోళపాఠంలో పటం గీయించేటప్పుడు, తమ మండలంలో విడిచిన కట్ట ఏదైనా ఉన్నదా, దానిమీది తూములు ఎన్ని, పాత గేటు ఎక్కడ ఉండేది అని పిల్లలచేత పెద్దలను అడిగించి వ్రాయించవచ్చు. పటంలో ఉన్నదానిని కాజేయడం కష్టం. ఎవరికీ గుర్తులేనిదానిని మ్రింగడం సులభం. కరువునాడు అన్నం మోయడానికని కూర్చిన బాట ముక్కలై కంచెల పాలు కాకుండా, పుస్తకాల సంచీలు మోసే పిల్లల కాళ్లకిందనైనా నిలిచి ఉండడం ఆ బాటకు తగిన గౌరవం.