మసాయిలు లేని సెరెంగెటి ఎవరి కోసం?

పోస్టు పొడుగున్నది. తిట్టాలనుకునేటోళ్లు మొత్తం చదివినంకనే తిట్టండి.

పోయిన ఆదివారం రాత్రి తిన్నంక మా హాస్టల్ రూంల ఆరుగురం ఒక్క ఫోను ముందు కూర్చున్నం. ఇద్దరం చెంచులం, ఇద్దరు గోండులు, ఒకడు కోలాం, ఒకడు కోయ. మా ఆరుగురి ఇండ్లల్ల కాలేజీ గేటు లోపలికి వచ్చింది మేమే మొదలు. ఎవరో తెలుగు యూట్యూబర్ టాంజానియా పోయి సెరెంగెటి నేషనల్ పార్కుల తీసిన సఫారీ వీడియో అది. అబద్ధమెందుకు, నోళ్లు తెరిచి చూసినం. వేలకు వేల విల్డెబీస్టులు మారా నదిల దుంకుతుంటే, నీళ్లల్ల మొసళ్లు కాచుకొని ఉంటే, మా కోలాం తమ్ముడు "మా వాగు పొంగినప్పుడు ఎడ్లను దాటించినట్టే ఉన్నది గదరా" అన్నడు. అందరం నవ్వినం.

అప్పుడే యూట్యూబర్ అన్నడు, "మనిషి అడుగు పడని భూమి ఫ్రెండ్స్ ఇది, ప్రకృతి ఎట్లుండాల్నో అట్లనే ఉంది" అని. ఇంకో ఐదు నిమిషాలకు ఎర్ర దుప్పట్లు కప్పుకున్న మసాయి పిలగాండ్లు ఎగిరెగిరి దుంకుతున్నరు, ఆయన వాళ్లతోని సెల్ఫీ దిగుతున్నడు. అడుగే పడని భూమి అయితే వీళ్లు ఎక్కడి నుంచి ఊడిపడ్డరు? మా రూంల ఈసారి ఎవ్వడూ నవ్వలే. మంత్రి వచ్చినప్పుడల్లా మా గోండు తమ్ముళ్లకు నెమలీకల టోపీలు పెట్టి స్టేజీ కింద ఎండల నిలబెడతరు. దండారి లేదు, దేవుడు లేడు, పండుగే కాదు, అయినా గుస్సాడీ ఆడాలె. ఆ మసాయి పిలగాండ్ల మొఖాలు మాకు తెలిసిన మొఖాల లెక్కనే కనబడ్డయి.

ఆ రాత్రి మొదలుపెట్టి వారం రోజులు లైబ్రరీల, నెట్‌ల దొరికింది చదివినం. చదివింది మీ ముందు పెడుతున్నం.

సెరెంగెటి అన్న పేరే మసాయి భాష నుంచి వచ్చింది. అంతు లేకుండా సాగే భూమి అని అర్థం. పేరు పెట్టినోళ్లు అక్కడ పశువులు మేపుకుంటూ బతికినోళ్లు. 1951ల బ్రిటిష్ సర్కారు దాన్ని నేషనల్ పార్కు చేసింది. 1958ల కొందరు మసాయి పెద్దలతోని కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నరు. 1959ల వాళ్లను సెరెంగెటి నుంచి పక్కనున్న గోరోంగోరోకు పంపిండ్రు. ఇక్కడ మీరు ఉండొచ్చు, పశువులు మేపుకోవచ్చు, మీ హక్కులకు ఢోకా లేదు అని మాట ఇచ్చిండ్రు. పార్కు లోపల మోరు అనే చోట పెద్ద పెద్ద బండలున్నయి. ఆ బండల మీద మసాయిలు గీసిన డాళ్ల బొమ్మలు ఇప్పటికీ ఉన్నయి. గైడు జీపు ఆపి టూరిస్టులకు చూపిస్తడు. గీసినోళ్ల మనుమలు మాత్రం ఆ బండ కింద ఒక్క ఆవును మేపితే నేరం.

మాట ఎట్ల నిలబెట్టిండ్రో చూడండి. 1975ల గోరోంగోరోల వ్యవసాయం బంద్ చేసిండ్రు. 1992ల మళ్లీ చేసుకోమన్నరు. 2009ల మళ్లీ బంద్. గింజ పండించుకోనీయకుండ, కొన్నేండ్ల తర్వాత "వీళ్లు పేదోళ్లు, బయటికి పోతే బాగుపడతరు" అంటరు. 2022 నుంచి దాదాపు 600 కిలోమీటర్ల దూరంల ఉన్న మ్సోమెరా అనే ఊరికి తరలిస్తున్నరు. స్వచ్ఛందం అని దాని పేరు. అదే 2022 జూన్‌ల పక్కనే ఉన్న లోలియోండోల 1,500 చదరపు కిలోమీటర్ల మేత భూమికి హద్దురాళ్లు పాతడానికి పోలీసులను దింపిండ్రు. గొడవల ఒక పోలీసు చచ్చిపోయిండు, ఎంతోమంది మసాయిలు గాయాలతోని సరిహద్దు దాటి కెన్యాకు ఉరికిండ్రు. ఆ లోలియోండోల 1992 నుంచి వేట లైసెన్సు ఎవరికి ఉన్నదో తెలుసా? అరబ్ ఎమిరేట్స్‌కు చెందిన ఒక కంపెనీకి. మేపితే అడవి పాడైతదంట, డబ్బు కట్టి తుపాకీతో కాలిస్తే పాడుగాదంట. ఈ లెక్క మాకు ఏ టీచరూ చెప్పలే.

"మనిషి లేని అడవి" అన్న మాట ఎక్కడ పుట్టింది? జర్మనీ నుంచి బెర్న్‌హార్డ్ గ్రిమెక్ అనే జంతు ప్రదర్శనశాల డైరెక్టరు, ఆయన కొడుకు మైఖేల్ విమానానికి జీబ్రా చారలు వేయించుకొని వచ్చి సెరెంగెటి జంతువులను పైనుంచి లెక్కపెట్టిండ్రు. 1959ల వాళ్ల సినిమా "సెరెంగెటి చావకూడదు" వచ్చింది, ఆస్కార్ కూడా కొట్టింది. ఆ పనిలనే విమానం కూలి కొడుకు 24 ఏండ్లకే చనిపోయిండు. మనకంటే నాలుగేండ్లు పెద్ద. ఆ తండ్రి దుఃఖాన్ని మేము చిన్నగ చేయం, జంతువుల మీద ఆయన ప్రేమ కూడా అబద్ధం కాదు. కానీ పార్కు లోపల స్థానికులతో సహా ఏ మనిషీ ఉండకూడదని రాసిందీ ఆయనే. ఆకాశంల నుంచి చూసేటోనికి మంద కనబడతది, మంద వెనుక నడిచే పిలగాడు ఏం కనబడతడు?

ఇంకో సంగతి మాకు మస్తు ఆశ్చర్యం అనిపించింది. 1890లల్ల రిండర్‌పెస్ట్ అనే పశువుల రోగం ఆఫ్రికాను ఊడ్చేసింది. మసాయిల మందలు పోయినయి, ఆకలికి మనుషులు పోయిండ్రు. తెల్లోళ్లు వచ్చి చూసిన "ఖాళీ భూమి" చాలావరకు ఆ చావుల తర్వాత మిగిలిన భూమి. ఆ రోగం విల్డెబీస్టులను గూడ దశాబ్దాల తరబడి చంపింది. 1961ల సెరెంగెటిల అవి దాదాపు రెండున్నర లక్షలు. తర్వాత 1970ల చివరికి 13 లక్షల దాకా పెరిగినయి. ఎట్ల? చుట్టుపక్కల పశువులకు టీకాలు వేసిండ్రు, రోగం ఆగింది, దూడలు బతికినయి. ఆ వీడియోల మనం నోళ్లు తెరిచి చూసిన మంద వెనుక మసాయి ఆవుకు వేసిన సూది ఉన్నది. ఆవు, అడవి జంతువు, మనిషి ఒక్క గడ్డి మీద బతికినోళ్లు. విడదీసి గీత గీసింది తర్వాత వచ్చినోళ్లు.

ఇప్పుడు ఎదురు ప్రశ్నలు. మా రూంలనే వచ్చినయి, కాబట్టి దాచం.

"జనం పెరిగితే ఎట్ల?" 1959ల గోరోంగోరోల 8 వేల మంది ఉంటిరి, ఇప్పుడు లక్షకు దగ్గర. నిజమే. మేత ఒత్తిడి లేదని మేము అనం. కానీ సెరెంగెటి నుంచి వెళ్లగొట్టి ఇరుకు జాగల కుక్కింది ఎవరు? లోయ అంచుల మీద లాడ్జీలు కట్టనిచ్చింది ఎవరు? ఒక్కో లాడ్జిల స్నానానికి, బట్టలుతకడానికి పోయే నీళ్లు ఎన్ని ఆవులు తాగుతయో ఎవరన్న లెక్క కడతరా? పెరిగింది మసాయి ఒక్కడే కాదు, జీపులూ పెరిగినయి. సింహం చుట్టూ జీపులు గుమిగూడుడు ఆ వీడియోలనే ఉన్నది, మళ్లీ చూడండి.

"టూరిస్టు డబ్బు లేకపోతే అడవే మిగలదు." ఇది పోయిన నెల ఈ గ్రూపుల ఒక సీనియర్ అన్న రాసిండు. మన దగ్గర కూడా పులి సఫారీలు పెరిగితే మన పిలగాండ్లకు డ్రైవర్, గైడు నౌకర్లు వస్తయి, వ్యతిరేకించకండి అని. అన్నా, కోపం తెచ్చుకోకు. నౌకరి వద్దని మేము అంటలేం, మాకు గూడ నౌకరి కావాలె. సెరెంగెటిల ఒక విదేశీయుడు ఒక్కరోజు లోపల తిరగడానికి కట్టే ఫీజే 70 డాలర్ల పైన, అంటే ఆరు వేల రూపాయలకు ఎక్కువ. లాడ్జి, విమానం, జీపు కిరాయి వేరే. ఆ డబ్బుల భూమి పోయినోని వాటా ఎంత? దుంకి చూపించినందుకు చేతుల పెట్టే నోట్లా? ఇంటికి యజమాని అయినోన్ని ఆ ఇంటికే వాచ్‌మన్ చేసి, జీతం ఇస్తున్నం కదా అంటే, అది నౌకరా?

డబ్బు, అడవి, హక్కు మూడూ కలిసి ఉండే దారి లేదనుకుంటే దక్షిణాఫ్రికా చూడండి. క్రూగర్ పార్కు ఉత్తరం దిక్కు నుంచి మకులెకె ప్రజలను 1969ల తుపాకులు చూపించి తరిమిండ్రు. వర్ణవివక్ష పోయినంక వాళ్లు కేసు వేసి, 1998ల ఆ భూమి పట్టా తిరిగి తెచ్చుకున్నరు. తెచ్చుకొని ఏం చేసిండ్రు? మళ్లీ ఇండ్లు కట్టలే, చెట్లు కొట్టలే. భూమిని జంతువులకే ఉంచి, లాడ్జీలకు వాళ్లే లీజుకు ఇచ్చి, కిరాయి వాళ్లే తీసుకుంటున్నరు. అక్కడా ఏనుగులున్నయి, టూరిస్టులూ వస్తున్నరు. అన్నా, నువ్వు చెప్పే నౌకరి ఇట్ల వస్తే మేమే ముందు లైన్ల నిలబడతం.

కోర్టులు గూడ చెప్పినయి. కెన్యాల మావు అడవి నుంచి ఒగియెక్ ప్రజలను ఖాళీ చేయించినప్పుడు, అడవి పాడైంది మీ వల్లనే అన్నది సర్కారు. 2017ల ఆఫ్రికా మానవ హక్కుల కోర్టు ఆ వాదన ఒప్పుకోలే, తీర్పు ఒగియెక్ వైపు ఇచ్చింది. వాళ్లు తేనె తీసేటోళ్లు. మా చెంచు తాతలు తాడు కట్టుకొని కొండ అంచుల నుంచి దిగి తేనె తీస్తరు. సముద్రం అవతల గూడ మా పని చేసేటోళ్లు ఉన్నరని ఇరవై ఏండ్లకు తెలిసింది మాకు. ఏ పుస్తకంల లేకపాయె.

ఆఫ్రికా కథ మనకెందుకు అనేటోళ్లకు ఒక్క పేరు చెప్తం: కూనో. మధ్యప్రదేశ్‌ల గుజరాత్ సింహాలను తెచ్చి పెడతమని 24 ఊర్లను, ఎక్కువ మంది సహారియా ఆదివాసులను, 2003 లోపు ఖాళీ చేయించిండ్రు. సింహాలు రాలే. 2013ల సుప్రీంకోర్టు పంపమని చెప్పినా రాలే. 2022 సెప్టెంబర్‌ల నమీబియా నుంచి 8 చీతాలు విమానంల వచ్చినయి, తర్వాతి ఫిబ్రవరిల దక్షిణాఫ్రికా నుంచి ఇంకో 12. టీవీలన్నీ లైవ్ ఇచ్చినయి. ఏ జంతువు కోసం ఊరు ఖాళీ చేసిండ్రో అది రాలే, ఖాళీ అయిన జాగకు ఇంకో జంతువును వెతికి తెచ్చిండ్రు. సహారియాలను ఏ విమానంల ఎక్కించి వెనక్కి తెస్తరు?

2024 జూన్‌ల జాతీయ పులుల సంరక్షణ సంస్థ పులులున్న రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. పులుల అభయారణ్యాల కోర్‌ల ఇంకా 591 ఊర్లు, 64,801 కుటుంబాలు ఉన్నయి, తరలింపు తొందరగ చేయమని. ఆ 64,801ల మా రూం కూడా ఉన్నది. మాల ఒకని పెంట కోర్ లోపల ఉన్నది. పెంట పేరు, జిల్లా పేరు రాయం, రాస్తే రేపు వాళ్ల నాయిననే పిలిపిస్తరు. మూడు వారాల కింద వాళ్ల అమ్మ ఫోన్ చేసింది. కుటుంబానికి 15 లక్షలు అని కాగితాలు పట్టుకొని వచ్చిండ్రంట, నాయిన వేలిముద్ర వేయలే, బాబాయి వేసిండంట. "నువ్వు సదువుకుంటున్నవ్ కద బిడ్డా, ఏం జేయాల్నో నువ్వే చెప్పు" అన్నది. వాడు ఫోను పట్టుకొని మెట్ల మీద చాలాసేపు కూర్చున్నడు. మాకెవ్వరికీ ఏం చెప్పాల్నో తెల్వలే.

తర్వాత చదివి తెలుసుకున్నం. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ముందు హక్కులు గుర్తించుడు పూర్తి కావాలె. మనిషి, జంతువు కలిసి ఉండే వేరే దారి లేదని తేల్చాలె. గ్రామసభ అన్నీ తెలిసి, ఇష్టంతోని, రాతపూర్వకంగ ఒప్పుకోవాలె. పోయే చోట ఇండ్లు, భూమి తయారైనంకనే కదిలించాలె. ఇంకో మాట ఉన్నది, ఇది చాలామందికి తెల్వది: కీలక వన్యప్రాణి ఆవాసం అని చెప్పి అట్ల ఖాళీ చేయించిన జాగను తర్వాత ఇంకే పనికీ మళ్లించకూడదు. పెంట తీసేసి కాటేజీలు కట్టుడు ఆ లెక్కల పడతదా పడదా, చెప్పమని ప్రతి సభల అడగాలె.

సఫారీకి పోవద్దని మేము ఎవరికీ చెప్పం. డబ్బులుంటే మేమూ పోతం, ఆ నది దాటుడు కండ్లతోని చూడాలని ఆరుగురికీ ఉన్నది. కానీ మన గ్రూపుల సఫారీ రీల్స్ షేర్ చేసేటప్పుడు "మనిషి అడుగు పడని అడవి" అని రాయకండి. 2024 ఆగస్టుల వేల మంది మసాయిలు గోరోంగోరో నుంచి సెరెంగెటి పోయే రోడ్డు మీద కూర్చున్నరు. టూరిస్టుల జీపులు వరుసగ ఆగిపోయినయి. ఓటరు లిస్టుల, ఊర్ల లిస్టుల తమ పేర్లు తీసేస్తుంటే ఆపడానికి అది వాళ్లకు మిగిలిన ఒక్క రోడ్డు. ఆ వీడియోలు గూడ ఉన్నయి, వాటికి చూసినోళ్లు తక్కువ, అవి షేర్ చేయండి.

ఈ నెలాఖరుకు మా వాని పెంటల గ్రామసభ పెడతరంట. మేము నలుగురం పోతున్నం, ఇద్దరికి ఇంటర్నల్ పరీక్షలున్నయి. చట్టం తెలుగు కాపీ ఒకటి దొరికింది, దాన్ని చెంచు పెద్దలకు అర్థమయ్యేటట్టు చదివి చెప్పాలె. ఇంతకు ముందు ఇట్లాంటి సభల కూర్చున్నోళ్లు ఎవరన్న ఉంటే, తీర్మానం ఎట్ల రాసిండ్రో ఫోటో తీసి పంపండి. కామెంట్ల పెట్టకండి, అడ్మిన్ అక్కకు పంపితే మాకు చేరుతది. సామూహిక అటవీ హక్కు పత్రం వచ్చిన ఊరోళ్లు ఉంటే మరీ మంచిది. బస్సు దిగినంక తొమ్మిది కిలోమీటర్లు నడవాలె, బండి ఉన్న అన్నలు ఎవరన్న వస్తమంటే ముందే చెప్పండి.