కాలువ గట్టు మీద విశ్వాసం

డిసెంబరు 31 అర్ధరాత్రి దాటగానే మన చర్చిల్లో ఏం జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. పాస్టరుగారు పళ్లెం పట్టుకుని నిలబడతారు. వరసలో వెళ్లి తలా ఒక వాగ్దానం కార్డు తీసుకుంటాం. గులాబీల బొమ్మ పక్కన ఒక వాక్యం ఉంటుంది. నిన్ను హెచ్చిస్తాననో, నీకు తోడుంటాననో, నీ శత్రువును తొలగిస్తాననో. లోకంలో మీకు శ్రమ తప్పదని ప్రభువు శిష్యులతో చెప్పింది కూడా వాగ్దానమే కదా! ఆ కార్డు మాత్రం ఎవరికీ రాదు.

కార్డును వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. దాన్ని ఫోన్ కవరు వెనక దాచుకుని ఏడాదంతా మోసేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. నా దిగులల్లా, భయం పెరిగినకొద్దీ ఆ కార్డు మీద మనం మోపుతున్న బరువు గురించే. ఏ సంఘంలోనైనా ప్రార్థన మనవులు చదివేటప్పుడు చెవిపెట్టి వినండి. అబ్బాయి వీసా స్టాంపింగ్. అమ్మాయిని కంపెనీలో బెంచి మీద కూర్చోబెట్టారు. మిర్చికి పెట్టుబడి కూడా రాలేదు, కౌలు ఎట్లా కట్టాలి? 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం కొత్త హెచ్-1బీ దరఖాస్తు మీద లక్ష డాలర్ల రుసుము అన్న వారం, గుంటూరులో, హైదరాబాదులో ఎన్ని ఇళ్లలో ఉపవాస ప్రార్థన మొదలయిందో దేవుడికే తెలియాలి. ఇవేవీ ఉత్తుత్తి భయాలు కావు. ఇంటిమీద లోను తీసుకుని పిల్లాణ్ణి పంపినవాడిని విశ్వాసం చాలలేదని నిందించే హక్కు ఏ బోధకుడికీ లేదు.

అసలు ఆ నింద వెనకే వ్యాపారం నడుస్తోంది. నీ పని జరగలేదంటే విశ్వాసం తక్కువైంది, విశ్వాసం పెరగాలంటే ఈ నూనె సీసా కొను, ఈ రుమాలు దిండు కింద పెట్టుకో, విత్తనపు కానుక వెయ్యి. పండకపోతే తప్పు నేలదేనట, విత్తనం అమ్మినవాడిది కాదట. మైకు ముందు నిలబడి ఈ నెలాఖరుకు నీ వీసా వస్తుందని ప్రవచించే పెద్దమనిషి, రాని వాళ్ల ఇంటికి వచ్చే నెల వెళ్లి కూర్చోడు. భయపడ్డవాడి జేబు తడమడం పాత కాలంలోనూ ఉంది. మనం దానికి పాటలూ లైట్లూ కట్టాం, అంతే తేడా.

మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో యేసు చింతపడొద్దన్నాడు. నిజమే. ఎవరితో అన్నాడో కూడా చూడాలి. గలిలయ జాలర్లు, రోజుకూలీలు, రోము పన్నుల కింద నలిగినవాళ్లు. రేపటి తిండి ఇవాళ ఇంట్లో లేనివాళ్లు. అదే అధ్యాయంలో కాస్త ముందు, ఏ పూట రొట్టె ఆ పూటకు అడగమని వాళ్లకు ప్రార్థన నేర్పాడు. కాబట్టి కడుపు సంగతి ఆయన మరిచిపోలేదు. ఆయన అన్నది వరస గురించి. రాజ్యాన్ని, నీతిని ముందు వెతకండి, తక్కినవి వెనక వస్తాయని. నీతి అన్నమాట మింగేసి, తక్కినవి అన్నమాట పట్టుకుని మనం అరగంట ప్రసంగం చెబుతాం.

ఈ వరస ఎలా ఉంటుందో చూడ్డానికి తెలుగువాళ్లు దూరం పోనక్కర్లేదు. ఒంగోలు చాలు.

1876, ధాత నామ సంవత్సరం. వానలు ముఖం చాటేశాయి. ధాత కరువని పేరుపడింది. రెండేళ్లలో దక్షిణాదిలో, దక్కనులో కలిపి 50 లక్షల మందికి పైగా పోయారని అంచనా. 1877 మొదట్లో సర్కారు తరఫున వచ్చిన రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలన్నాడు. అంటే అరకిలో కంటే తక్కువ, అదీ గునపం పట్టి గట్టినేల తవ్వే మనిషికి. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అది చాలదని పోట్లాడాల్సి వచ్చింది.

ఆ రోజుల్లో ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉన్నాడు. 1866లో వచ్చాడు. వచ్చిన కొత్తలోనే ఆయనకు ఒక పరీక్ష ఎదురైంది. మాదిగలను చేర్చుకుంటే మా పిల్లలు బడికి రారని పై కులాల వాళ్లన్నారు. ఆయన మాదిగలను చేర్చుకున్నాడు, బడి పోయింది. కరువు వచ్చేనాటికి సంఘంలో అత్యధికులు మాదిగలే. ఊరికి కరువొస్తే మొదట మాడేది ఏ వాడో మనకు తెలుసు.

క్లౌ బోధకుడు కాకముందు అమెరికాలో భూములు సర్వే చేసిన మనిషి. ఆ విద్య ఇక్కడ అక్కరకొచ్చింది. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల ముక్క తవ్వించే కాంట్రాక్టు సర్కారు దగ్గర తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. ఊళ్లకు ఊళ్లు తరలివచ్చి గట్టు మీద మకాం పెట్టాయి. పగలంతా తట్టలు మోశారు. పని ఆగినప్పుడు ఆ మేస్త్రీలే, భారం మోసేవాళ్లను తన దగ్గరికి రమ్మని పిలిచిన ప్రభువు గురించి చెప్పారు. మట్టి తట్ట దించిన మనిషికి ఆ మాట ఎలా వినపడి ఉంటుందో ఊహించుకోవాల్సిందే. ఏసీ హాల్లో కూర్చుని విన్నప్పుడు నాకైతే ఎప్పుడూ అలా వినపడలేదు.

ఇక నేను ముఖ్యమనుకునే సంగతి. 1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా, పదిహేను నెలలు, క్లౌ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. జనం అడగక కాదు. వేలమంది అడిగారు. చేతిలో కూలి డబ్బులు, సహాయ నిధి, గింజలు ఉన్నంతకాలం ఇవ్వకూడదనుకున్నాడు. గింజల కోసం కలిశారన్న మాట వాళ్ల మీద పడకూడదు, గింజలు చూపి కలుపుకున్నాడన్న మాట సంఘం మీద పడకూడదు. ముందు కూలి, ముందు గంజి. బాప్తిస్మాల లెక్క తర్వాత. ఏ మిషనరీకైనా స్వదేశంలో చందాలిచ్చేవాళ్లకు చూపించాల్సింది ఆ లెక్కే మరి. పదిహేను నెలలు సున్నా రాసుకోవడానికి గుండె కావాలి.

కరువు సడలాక, ఇక నా దగ్గర ఇవ్వడానికి పైసా లేదు, ఊళ్లకు వెళ్లిపొమ్మని వాళ్లతో చెప్పాడు. వాళ్లు కదల్లేదు. తవ్వి తవ్వి బొబ్బలెక్కిన అరచేతులు చూపించి, మాకు సాయం వద్దు, పని చేసుకు బతుకుతాం, వచ్చే పంట కూడా పోతే చస్తాం, చచ్చినా క్రైస్తవులుగా చస్తామన్నారని క్లౌ రాసుకున్నాడు. అప్పుడు ఒప్పుకున్నాడు.

ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్లలో వెల్లంపల్లి, పక్కనే గుండ్లకమ్మ. 1878 జులై 2, 3, 4 తేదీల్లో 3,536 మంది ఆ ఏట్లో దిగారు. ఒక్క 3వ తేదీనే 2,222 మంది. నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు. ఒకసారికి ఇద్దరు దిగేవారు, అలిసిపోతే మరో ఇద్దరు. పొద్దున్న మొదలుపెట్టి, మధ్యాహ్నం కాసేపు ఆపి, మళ్లీ సాయంత్రం దాకా. పంచాంగంలో అది బహుధాన్య నామ సంవత్సరం. పేరులో ఉన్నంత ధాన్యం వాళ్ల ఇళ్లలో మటుకు లేదు.

మన సభల్లో ఈ కథ చెప్పేటప్పుడు 2,222 దగ్గర చప్పట్లు కొట్టించి ఆపేస్తారు. నాకు ఆ అంకె కంటే పంట పోతే చస్తామన్న ఆ మాట గొప్పది. వాన పడుతుందని వాళ్లకెవరూ ప్రవచించలేదు. కార్డు ఇవ్వలేదు. ఏ హామీ లేకుండా దిగారు. ఆ ముందు రెండేళ్లు తమ మధ్య ఎవరు నిలబడ్డారో, కూలి ఎవరు సరిగ్గా కొలిచి ఇచ్చారో కళ్లారా చూశారు. విశ్వాసం అక్కడ పుట్టింది.

క్లౌను దేవుణ్ణి చేయనక్కర్లేదు. జనాన్ని మాడ్చిన సర్కారు దగ్గరే ఆయన కాంట్రాక్టు తీసుకున్నాడు. అంతమందిని మూడు రోజుల్లో కలుపుకుంటే వాళ్లకు బోధ ఎవరు చెబుతారని అడిగినవాళ్లూ ఉన్నారు, ఆ ప్రశ్న న్యాయమైనదే. వరస విషయంలో మాత్రం ఆయన పొరబడలేదు.

ఆ నీళ్లలో దిగినవాళ్ల మునిమనవలు ఇవాళ మరో భయంతో బతుకుతున్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో తలుపు తెరిచారు, వీళ్లకు తెరవలేదు. మతం మారినవాళ్లకు అట్రాసిటీ చట్టం వర్తించదని 2025 ఏప్రిల్ చివర్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసులోనే చెప్పింది. మతం మారితే పల్లెలో కులం పేరు మారదు, కాగితం మీద రక్షణ మటుకు పోతుంది. పిల్లాడి సర్టిఫికెట్ కోసం తండ్రి ఆదివారం ఒకటి, ఎమ్మార్వో ఆఫీసులో ఒకటి చెప్పుకోవాల్సిన పరిస్థితి. ఈ భయం గురించి పెద్ద పెద్ద ఉజ్జీవ సభల్లో ఎన్నిసార్లు మాట్లాడారు? మాట్లాడితే స్టేజీ మీది నాయకుడికి ఇబ్బంది. స్వస్థత గురించి మాట్లాడితే ఎవరికీ ఇబ్బంది లేదు.

పెద్దలకు, పాస్టర్లకు నా మనవి ఒకటే. వచ్చే ఏడాది బడ్జెట్ రాసేటప్పుడు సౌండ్ సిస్టమ్, కన్వెన్షన్ పందిరి, బయటినుంచి వచ్చే ప్రసంగీకుడి కారు ఖర్చు రాయక ముందు, పేజీ పైన మరో పద్దు రాయండి. ఉద్యోగం పోయిన ఇంటికి మూడు నెలల బియ్యం, కౌలురైతు అప్పుకు చేబదులు, సర్టిఫికెట్ కేసు నడిపే లాయరు ఫీజు. కమిటీలో ఇద్దరిని ఆ ఇళ్లకు పంపండి, ప్రార్థన కూడా అక్కడే చేసి రమ్మనండి. తీసుకున్నవాళ్ల పేర్లు మైకులో చదవకండి, ఫొటోలు గ్రూపులో పెట్టకండి, ఆ ఇంటివాళ్లను సభ్యత్వం అడగకండి. వాగ్దానం కార్డులు ఆ తర్వాత అచ్చు వేయించుకోవచ్చు.