రోస్టర్‌లో చోటులేని శిక్షణ

‘స్కిల్ ల్యాబ్ తెరిచే ఉంది, పీజీలే రావడం లేదు.’ సర్జరీ శిక్షణలో లోపాల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ బోధనాసుపత్రుల పెద్దలు చెప్పే సమాధానం ఇదే. ఇంత నిబ్బరంగా ఈ మాట అనే వీలు కల్పించింది జాతీయ వైద్య కమిషన్. 2023 నాటి పీజీ నిబంధనల్లో ‘సహేతుకమైన పనిగంటలు’ అని రాసి, అవి ఎన్నో చెప్పకుండా వదిలేసింది. ఎంబీబీఎస్ కళాశాలలో స్కిల్ ల్యాబ్ కనీసం 600 చదరపు మీటర్లు ఉండాలని 2020లోనే కొలిచి చెప్పిన కమిషన్‌కు, రెసిడెంటు పనిగంటల దగ్గర అంకె వేయడానికి చేయి రాలేదు.

పీజీలు ఎప్పుడు రావాలి? తెల్లవారగానే వార్డులో డ్రెస్సింగులు, వెంటనే రౌండ్లు, ఆపైన ఓపీ లేదా థియేటర్. మధ్యాహ్నం రిపోర్టుల కోసం తిరుగుడు, బ్లడ్ బ్యాంకుకు పరుగు, పొద్దుపోయాక డిశ్చార్జి సమ్మరీలు. రాత్రి డ్యూటీ చేసినవారికి మర్నాడు ఓపీ తప్పదు. ల్యాబ్ తలుపులు తెరిచి ఉండేదీ ఈ వేళల్లోనే. రెసిడెంట్ల డ్యూటీ మామూలుగా వరసగా 12 గంటలు, వారానికి 48 గంటలు మించరాదని కేంద్రం 1992లోనే ఆదేశించింది. కమిషన్ నియమించిన జాతీయ టాస్క్‌ఫోర్స్ 2024లో వారానికి 74 గంటలకు మించవద్దంది. ఈ రెండు అంకెల్లో దేన్నయినా పాటిస్తున్న సర్జరీ యూనిట్ ఉంటే చూపించమనండి. నిద్రకే సమయం ఇవ్వనివారు ఆసక్తి లేదని నిందించడం అన్యాయం మాత్రమే కాదు, అబద్ధం కూడా.

వారానికి 48 గంటల పరిమితి ఉన్న ఐరోపాలో సైతం తలుపు తెరిచి ఉంచితే సరిపోలేదు. నెదర్లాండ్స్‌లో సర్జరీ రెసిడెంట్లకు వర్చువల్ రియాలిటీ సిమ్యులేటర్‌ను ఎప్పుడైనా వాడుకోండని అప్పగించి చూశారు. తప్పనిసరి చేయలేదు, పరీక్షా పెట్టలేదు. అత్యధికులు దాని దరిదాపులకు పోలేదు. 2008లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అప్పటినుంచీ తెలిసిన సంగతిని మన పెద్దలు ఇవాళ్టికీ పీజీల బద్ధకంగా చూపిస్తున్నారు.

ల్యాబ్‌లో జరిగేది ఆషామాషీ వ్యవహారం కాదు. ల్యాపరోస్కోపీ పెట్టెలో ఆరు రబ్బరు ముక్కలుంటాయి. ఒక చేతి పరికరంతో ముక్కను ఎత్తి, గాలిలోనే రెండో చేతి పరికరానికి అందించి, మేకుకు తొడగాలి. తెరమీద లోతు తెలియదు. చేయి కుడికి జరిపితే లోపల కొన ఎడమకు పోతుంది. కొత్తలో ముక్కలు జారిపడుతూనే ఉంటాయి, మళ్లీ ఏరుకోవచ్చు. మనిషి కడుపులో ఆ అవకాశం లేదు. 16 మంది రెసిడెంట్లతో జరిపిన ఓ అధ్యయనం 2002లో వెలువడింది. సిమ్యులేటర్‌పై సాధన లేనివారు గాల్‌బ్లాడర్‌ను గాయపరచడం, పక్క కణజాలాన్ని కాల్చడం అయిదు రెట్లు ఎక్కువని అందులో తేలింది.

తనిఖీకి ముందు ఒక్కరోజు వర్క్‌షాపు పెట్టి సర్టిఫికెట్లు పంచే తంతూ ఆగాలి. సన్నని రక్తనాళాలు కుట్టడంలో టొరంటో పరిశోధకులు 38 మందికి ఒకే పాఠం నాలుగు విడతల్లో నేర్పారు. కొందరికి ఒకేరోజు, మిగతావారికి వారానికొకటి. నెల తర్వాత పరీక్షిస్తే వారంవారం నేర్చినవారి చేతులే మెరుగు.

సిబ్బంది కొరత నిజమే, థియేటర్‌ను మించిన గురువు లేదన్నదీ నిజమే. ఆ కొరత భారాన్ని ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకుని వచ్చిన నిరుపేద ఎందుకు మోయాలి? తన కడుపు మీద మొదటిసారి చేయి తిప్పుతున్నారన్న సంగతి కూడా ఆ రోగికి తెలియదు.

కాళోజీ, ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయాలు చేయాల్సింది స్పష్టం. ప్రతి సర్జరీ పీజీకి వారానికి ఒక పూట సిమ్యులేషన్ శిక్షణను పేరుపేరునా రోస్టర్‌లో వేయించాలి. ఆ పూట వార్డు ఫోన్ మరొకరి చేతిలో ఉండాలి. రద్దు చేస్తే హెచ్‌ఓడీ కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ల్యాబ్‌లో నిర్ణీత స్థాయి అందుకున్నాకే ల్యాపరోస్కోపీ పరికరం చేతికివ్వాలి. అమెరికా సర్జరీ బోర్డు 2009-10 నుంచే ఇలాంటి పరీక్షను తప్పనిసరి చేసింది. మనకు కొత్త భవనాలు, కొత్త నిధులు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. వచ్చే నెల రోస్టర్‌తోనే మొదలుపెట్టండి.